ఒకే బట్టకి మూడు కోడ్లు: బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏది రాయాలి?

ప్రశ్న: సార్, జీడిమెట్ల దగ్గర మాకు లెగ్గింగ్స్, పిల్లల టీషర్టులు కుట్టే చిన్న యూనిట్ ఉంది. ఇన్నాళ్లూ బట్ట తిరుప్పూర్ నుంచి, లూధియానా నుంచి తెప్పించుకున్నాం. మొదటిసారి చైనా నుంచి ఒక కంటైనర్ వస్తోంది. 94 శాతం పాలిస్టర్, 6 శాతం స్పాండెక్స్, రంగు వేసిన నిట్ బట్ట, సుమారు 9 టన్నులు. కిలో దాదాపు 320 రూపాయలు పడింది. దాంతోపాటు నడుము పట్టీల కోసం కొన్ని పెట్టెల ఎలాస్టిక్ దారం. సప్లయర్ ఇన్వాయిస్‌లో బట్టకి టారిఫ్ కోడ్ 6006 వేశాడు. పక్క యూనిట్ ఆయన 6004 అంటున్నారు. మా సీహెచ్ఏ (కస్టమ్స్‌లో మా తరఫున కాగితాలు వేసే ఏజెంట్) మాత్రం "6005 వేసేద్దాం, డ్యూటీ తగ్గుతుంది, అందరూ అదే చేస్తున్నారు" అంటున్నారు. షిప్ బయలుదేరింది. టెన్షన్‌తో నాకు, మా వారికి నిద్ర పట్టట్లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి సరుకు గురించి కస్టమ్స్‌కి ఇచ్చే కాగితంలో, ఏది రాయాలి? ఈ సీహెచ్ఏని మార్చేయాలా? - పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. 6005 రాయకండి. మీరు చెప్పిన వివరాలు నిజమైతే మీ బట్ట 6004లోకి వస్తుంది, ఎనిమిది అంకెల్లో 6004 10 00. పక్క యూనిట్ ఆయన చెప్పిందే సరి. అది ఎందుకు సరో తెలిస్తే రేపు ఇంకో రకం బట్ట తెప్పించినప్పుడు మీకు మీరే తేల్చుకోగలరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సరుకుల కోడ్లు, డ్యూటీల పట్టికలో, 50 నుంచి 63 దాకా చాప్టర్లన్నీ జౌళివే. పట్టుకి 50, ఊలుకి 51, పత్తికి 52, మనిషి తయారుచేసిన పోగుల్లో పొడవాటి ఫిలమెంట్‌కి 54, పొట్టిగా కత్తిరించిన స్టేపుల్‌కి 55. మామూలు నేత బట్ట ఏ పోగుతో నేశారో ఆ చాప్టర్‌లోనే ఉంటుంది. నిట్ బట్ట అలా కాదు. పత్తిదైనా, పాలిస్టర్‌దైనా, ఊలుదైనా 60లోకే వెళ్తుంది. కాబట్టి నిట్ బట్ట చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న దేంతో చేశారన్నది కాదు, ఎలా అల్లారన్నది. పోగు సంగతి ఆ తర్వాత, ఆఖరి అంకెల దగ్గర వస్తుంది.

60వ చాప్టర్‌లో ఆరు హెడ్డింగులే (నాలుగంకెల కోడ్లే) ఉన్నాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడల్లా అనుకోండి. పై జల్లెడలో ఆగిపోయింది కింది దాంట్లోకి రాదు. మొదటిది 6001. వెల్వెట్ లాగా, టవల్ బట్ట లాగా మీద పోగులు లేచి ఉండే పైల్ బట్టలు ఇక్కడ ఆగుతాయి, అందులో లైక్రా ఎంత ఉన్నా సరే. తర్వాత 6002, 6003. ఇవి వెడల్పు 30 సెంటీమీటర్లు మించని సన్న పట్టీలకి. మీవి పెద్ద పన్నా రోల్స్ కాబట్టి వీటిని దాటేస్తాయి. నాలుగోది 6004. వెడల్పు 30 సెంటీమీటర్లు మించి, బరువులో 5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎలాస్టోమెరిక్ దారమో (స్పాండెక్స్ లాంటి సాగే దారం) రబ్బరు దారమో ఉన్న నిట్ బట్ట. మీ 6 శాతం స్పాండెక్స్ బట్ట ఇక్కడ ఆగిపోయింది. వార్ప్ నిట్‌కి పెట్టిన 6005 దీని కింద ఉంది. 6001 నుంచి 6004 దాకా వచ్చేవి కాకుండా అని ఆ హెడ్డింగులోనే రాసి ఉంది. అంటే మీ బట్ట నిజంగానే వార్ప్ నిట్ అయినా 6005లోకి రాదు. వార్ప్ నిట్ కాకపోతే అసలు మాటే లేదు. ఏ దారిలో వెళ్లినా మీ సీహెచ్ఏ చెప్పిన కోడ్‌కి చేరడం కుదరదు. 6006 ఆఖరి జల్లెడ, పైన ఎక్కడా ఆగనివన్నీ అందులో పడతాయి. మీ సప్లయర్ స్పాండెక్స్ సంగతి పట్టించుకోకుండా నిట్ బట్ట అనగానే ఆ కోడ్ వేసి ఉంటాడు. ఎగుమతి చేసేవాడి ఇన్వాయిస్‌లో ఉన్న కోడ్ మన కస్టమ్స్‌ని కట్టేయదు, మిమ్మల్నీ కాపాడదు.

వార్ప్ నిట్ అంటే ఏంటో ఒకసారి చేత్తో చూడండి, మాటల్లో కన్నా తొందరగా అర్థమవుతుంది. మీ యూనిట్‌లో ఉన్న మామూలు టీషర్టు జెర్సీ ముక్క ఒకటి తీసుకుని, అడ్డంగా కత్తిరించి, అంచున ఒక పోగు పట్టి లాగండి. పాత స్వెట్టర్ విప్పినట్టు ఒకటే దారం వరస వెంట వరస ఊడి వస్తుంది. ముందువైపు నిలువుగా చిన్న చిన్న వి గుర్తులు, వెనకవైపు అర్ధచంద్రాలు కనిపిస్తాయి. అది వెఫ్ట్ నిట్, దారం పేకలాగా అడ్డంగా నడుస్తుంది. వార్ప్ నిట్‌లో మగ్గం మీద పడుగులాగా నిలువుగా వందల దారాలు వచ్చి, ప్రతి సూదికీ తన దారం తనకి అందుతుంది. కాబట్టి అంచున పోగు లాగినా బట్ట అలా విప్పుకోదు. వెనకవైపు భూతద్దం పెడితే దారాలు ఒక నిలువు వరసలోంచి పక్క వరసలోకి ఏటవాలుగా దాటుతూ కనిపిస్తాయి. కస్టమ్స్ షెడ్‌లో అనుభవం ఉన్న ఆఫీసర్‌కి ఇది తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. దాచగలిగే విషయం కాదిది.

ఇక ఆ 5 శాతం సంగతి. ఇక్కడ చాలామంది పొరపడేది సాగే గుణం దగ్గర. బట్ట సాగుతోంది కదా, 6004 వేసేద్దాం అనుకుంటారు. జెర్సీ అల్లికకే సాగే గుణం ఉంటుంది, టెక్స్చర్ చేసిన (మెలికలు పెట్టి ఉబ్బించిన) పాలిస్టర్ దారమూ సాగుతుంది. టారిఫ్ వాటిని లెక్కలోకి తీసుకోదు. ఎలాస్టోమెరిక్ దారం అంటే ఏంటో టారిఫ్ సెక్షన్ 11 నోట్ 13లో కొలత పెట్టి చెప్పారు: టెక్స్చర్ చేయని సింథటిక్ ఫిలమెంట్ దారం, మూడింతలు సాగదీసినా తెగకూడదు, రెండింతలు సాగదీసి వదిలితే 5 నిమిషాల్లో మొదటి పొడవుకి ఒకటిన్నర రెట్లు మించకుండా వెనక్కి రావాలి. మీ దగ్గరున్న శాంపిల్ ముక్కలోంచి సన్నటి స్పాండెక్స్ పోగు ఒకటి జాగ్రత్తగా లాగి, 10 సెంటీమీటర్లు స్కేల్ పక్కన పెట్టండి. 30 దాకా సాగాలి. ఇంకో పోగు 20 దాకా లాగి వదిలి గడియారం చూడండి. 5 నిమిషాలకి 15 లోపు ఉంటే అది అసలైన స్పాండెక్స్. ఇంట్లో చేసిన ఈ పరీక్షని కస్టమ్స్ ఒప్పుకోదు. కానీ మీ చేతిలో ఉన్నదేంటో మీకు తెలుస్తుంది, ఫోన్‌లో సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు ఆ తెలివిడి పనికొస్తుంది.

బట్టలో ఎంత శాతం ఉందో మాత్రం ల్యాబ్‌లోనే తేలుతుంది. మీ దగ్గర శాంపిల్ ఉంటే ఇవాళే ఒక అర మీటరు టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబ్‌కి ఇచ్చి పోగుల శాతం, అల్లిక రకం రాయించుకోండి. ఇంకో అర మీటరు తేదీ వేసి బీరువాలో దాచండి. సప్లయర్లు 95/5 అని గుండుగుత్తగా రాస్తుంటారు. ల్యాబ్‌లో అది 4.6 వస్తే బట్ట కింది జల్లెడల్లోకి జారిపోతుంది: వార్ప్ నిట్ అయితే 6005, కాకపోతే 6006. గీతకి ఇంత దగ్గరలో ఉన్న బట్టకి మాటల మీద కోడ్ వేయడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు.

ఇప్పుడు డబ్బు దగ్గరకి వద్దాం, మీ సీహెచ్ఏ మనసులో ఉన్నది అదే కాబట్టి. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో తొమ్మిది రకాల నిట్ బట్టల మీద బేసిక్ డ్యూటీని 20 శాతం లేదా కిలోకి 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని మార్చారు. 6004లో రెండూ, 6006లో ఏడూ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. 6005 లేదు. అసలు ఆశ అక్కడ పుట్టింది. మీ బట్ట కిలో 320 అన్నారు. 20 శాతం అయితే 64 రూపాయలు. 115 అంటే దాదాపు 36 శాతం. కిలోకి 51 రూపాయల తేడా, 9 టన్నులకి 4 లక్షల 59 వేలు. చిన్న యూనిట్‌కి ఇది చిన్న మొత్తం కాదు, నాకు తెలుసు. కిలో ధర 575 దాటితేనే 20 శాతం లెక్క పైకొస్తుంది. అంటే ఆ నిబంధన పెట్టిందే చవక బట్ట కోసం. అందుకే చవక నిట్ బట్ట 6005 పేరుతో వస్తే ఆఫీసర్లకి సందేహం రావడం సహజం. 6004కీ, రంగు వేసిన సింథటిక్‌కి ఉన్న 6006 32కీ మధ్య ఆ బడ్జెట్ లెక్కన డ్యూటీలో పైసా తేడా లేదు. మీ సప్లయర్ కోడ్ తప్పే, కానీ దానివల్ల ప్రభుత్వానికి నష్టం లేదు. 6005 అలాంటి తప్పు కాదు, డ్యూటీ ఎగ్గొట్టడానికి వేసిన కోడ్ అంటారు.

అలా అంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2011 నుంచి మన దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే కోడ్, డ్యూటీ మనమే లెక్కకట్టి చెప్పాలి. బిల్ ఆఫ్ ఎంట్రీలో కోడ్ వేసింది సీహెచ్ఏ అయినా, చట్టం దృష్టిలో చెప్పింది మీరే. మామూలు పొరపాటైతే తక్కువ కట్టిన డ్యూటీకి రెండేళ్లలోపు నోటీసు ఇవ్వాలి. తెలిసీ తప్పు చెప్పారని తేలితే ఐదేళ్ల వెనక్కి వెళ్లొచ్చు. 15 శాతం వడ్డీ, డ్యూటీతో సమానంగా పెనాల్టీ, సరుకు జప్తు చేస్తే విడిపించుకోవడానికి జరిమానా, ఇవన్నీ దానికి తోడు. మొదటి కంటైనర్ దాటిపోయిందని ధైర్యం వచ్చి అదే కోడ్‌తో ఇంకో పది తెప్పిస్తారు. నోటీసు పదకొండింటికీ కలిపి వస్తుంది. అందరూ అదే చేస్తున్నారన్న మాట ఆ రోజు ఎవరూ వినరు.

ఇంకొకటి వెంటనే చూడండి. 2024 మార్చిలో డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) కొన్ని సింథటిక్ నిట్ బట్టలకి కిలోకి 3.5 డాలర్ల కనీస దిగుమతి ధర పెట్టింది. అంతకన్నా తక్కువ ధరకి వస్తే దిగుమతే నిషిద్ధం అంది. తర్వాత ఆ జాబితా పెంచారు, గడువూ పొడిగించారు. మీ కిలో ధర ఆ గీతకి దగ్గరలో ఉంది. మీ కోడ్‌కి అది ఇప్పుడు వర్తిస్తుందో లేదో డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్ తెరిచి, బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేముందు చూసుకోండి. డ్యూటీ రేటు కూడా అంతే. ఆర్డర్ ఇచ్చిన రోజు రేటు కాదు, బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజు రేటు పడుతుంది. షిప్ రాకముందే వేసేస్తే మాత్రం షిప్ చేరాక ఇచ్చే ఎంట్రీ ఇన్‌వర్డ్ తేదీని లెక్కిస్తారు.

కంటైనర్ వచ్చేలోపు ల్యాబ్ రిపోర్ట్ చేతికొచ్చి 6 శాతం ఖాయమైతే, బట్ట వివరాల్లో రంగు వేసిన నిట్ బట్ట, పాలిస్టర్ 94, స్పాండెక్స్ 6, వెడల్పు, జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) అన్నీ పూర్తిగా రాసి 6004 10 00 వేయండి. ఉత్త నిట్ ఫ్యాబ్రిక్ అని రాసి వదిలేయకండి. ఉన్నది ఉన్నట్టు రాశాక కోడ్ మీద తేడా వస్తే అది అభిప్రాయ భేదం. వివరమే దాస్తే అది మోసం కిందికి వెళ్తుంది. రిపోర్ట్ రాకపోతే ఫస్ట్ చెక్ అడగండి. అంటే అసెస్‌మెంట్‌కి ముందే సరుకు తెరిచి, చూసి, శాంపిల్ తీస్తారు. లేదా కస్టమ్స్ చట్టం సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ (తాత్కాలిక) అసెస్‌మెంట్ కోరుతూ లెటర్ పెట్టి, బాండ్ రాసిచ్చి సరుకు విడిపించుకోవచ్చు. ఫలితం వచ్చాక లెక్క సరిచేస్తారు. ఆలస్యం అయ్యేలా ఉంటే సెక్షన్ 49 కింద గోడౌన్‌లో పెట్టుకునే వీలు అడగండి, డిమరేజ్ (సరుకు పోర్టులో ఆగినందుకు కట్టే చార్జీ) పెరగకుండా ఉంటుంది. శాంపిల్ కోసే రోజు మీరో మీ వారో షెడ్‌లో ఉండండి. ఏ రోల్ నుంచి కోశారు, సీల్ ఎలా వేశారు, రాసుకోండి. రిపోర్ట్ మీద నమ్మకం లేకపోతే ఆలస్యం చేయకుండా రీటెస్ట్ అడగండి.

ఎలాస్టిక్ దారం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ, నాకు బట్ట కన్నా అదే ఎక్కువ కలవరం. ఎలాస్టిక్ దారం అన్న పేరుతో నాలుగు రకాలు వస్తాయి, అన్నీ ఒకే కోడ్‌లోకి వెళ్లవు. లోపల రబ్బరు పోగు ఉండి పైన దారం చుట్టి ఉంటే 5604. ఏ తొడుగూ లేని వట్టి స్పాండెక్స్ దారం 5402లో. స్పాండెక్స్ చుట్టూ నైలాన్ దారం మెలికలుగా చుట్టి ఉంటే అది గింప్డ్ యార్న్, 5606. గాలి ఒత్తిడితో నైలాన్ పోగుల్ని స్పాండెక్స్‌తో చిక్కుపెట్టిన ఎయిర్ కవర్డ్ అయితే అది చుట్టింది కాదు కాబట్టి మళ్లీ 5402 వైపు వస్తుంది. ఒక మూర దారం తీసుకుని భూతద్దం కింద పట్టుకోండి. చుట్టిన దారంలో మధ్య పోగు తిన్నగా ఉంటుంది, అది మెలి తిరగదు, పై దారం మాత్రమే దాని చుట్టూ తీగలాగా పాకుతుంది. ఎయిర్ కవర్డ్‌లో అక్కడక్కడా చిన్న చిన్న ముడుల్లాంటి చోట్లు, మధ్యలో విడివిడి పోగులు కనిపిస్తాయి. లోపలి పోగు రబ్బరుదైతే, కాలిస్తే వాసన వెంటనే పట్టేస్తారు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో ఒక పార్టీకి పాలిస్టర్ దారం క్లియర్ చేయించాను. ప్యాకింగ్ లిస్ట్‌లో నూరు శాతం పాలిస్టర్ యార్న్ అని ఉంది. పాలిస్టర్ కదా అని 5402 వేశాను, కోన్ తెరిచి చూడలేదు. షెడ్‌లో ఆఫీసర్ ఒక కోన్ తీసి, ఒక జానెడు దారం తెంపి, రెండు వేళ్ల మధ్య వెనక్కి మెలి విప్పారు. దారం దూదిలాగా విడిపోయి పొట్టి పొట్టి పోగులు చేతిలోకి వచ్చాయి. ఫిలమెంట్ అయితే మెలి విప్పినా పోగులు తెగకుండా పొడవునా అలాగే ఉంటాయి. అది స్పన్ పాలిస్టర్, 5509లోకి పోవాల్సింది. ఆ పార్టీ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రెండు వారాల డిమరేజ్ కట్టేటప్పుడు ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి దారం చేత్తో విప్పి చూడకుండా ఏ కాగితం మీదా కోడ్ వేయలేదు.

టీషర్టుల బట్ట కూడా తెప్పించే ఆలోచన ఉన్నట్టుంది కాబట్టి మిశ్రమాల గురించి కొంచెం. ఏ పోగు ఎక్కువ ఉంటే ఆ కోడ్ అని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. పత్తి 45, పాలిస్టర్ 35, విస్కోస్ 20 ఉన్న జెర్సీ తీసుకోండి. విడిగా చూస్తే పత్తే ఎక్కువ. కానీ రూల్ ప్రకారం ముందు చాప్టర్ తేల్చాలి, పోగు తర్వాత. పత్తి కాకుండా 54, 55 చాప్టర్ల పోగులు కలిసి వస్తే ఆ రెండింటినీ ఒకే చాప్టర్‌గా చూడాలి. అంటే 45 శాతానికి ఎదురుగా 55 శాతం. పత్తి ఓడిపోయింది. తర్వాత ఆ 55 శాతంలో పాలిస్టర్, విస్కోస్ పోటీ పడతాయి, పాలిస్టర్ 35తో గెలుస్తుంది. కాబట్టి ఆ బట్ట సింథటిక్. రంగు వేసిందైతే పత్తికీ సింథటిక్‌కీ రెండింటికీ ఆ 115 రూపాయల నిబంధన ఉంది, ఇబ్బంది లేదు. ప్రింట్ బట్ట దగ్గర చిక్కు వస్తుంది. సింథటిక్ ప్రింట్ 6006 34 ఆ తొమ్మిదిలో ఉంది, పత్తి ప్రింట్ 6006 24 లేదు. పిల్లల టీషర్టులకి బొమ్మల ప్రింట్ బట్ట కొంటారు కాబట్టి, కాటన్ బట్ట అని సప్లయర్ ఎంత గట్టిగా చెప్పినా మూడు పోగుల శాతాలూ విడివిడిగా రాసివ్వమనండి.

ఇలాంటి బట్ట ఏడాది పొడవునా తెప్పించేలా ఉంటే అడ్వాన్స్ రూలింగ్ (సరుకు రాకముందే కోడ్ తేల్చి ఇచ్చే అధికారిక తీర్పు) తీసుకోండి. ఢిల్లీలో, ముంబైలో దీనికి అథారిటీలు ఉన్నాయి. ఫీజు 10 వేలు. దరఖాస్తు అందిన మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలి. వచ్చాక మూడేళ్లు, ఈలోపు చట్టమో సరుకో మారకపోతే, అది మీకూ కస్టమ్స్‌కీ కట్టుబాటు. నిట్ బట్ట లాంటి గొడవ సరుకుకి ఇంతకన్నా చవకైన నిశ్చింత నాకు తెలియదు. షిప్ ఎక్కేసిన ఈ కంటైనర్‌కి ఇది అందదు, వచ్చేదానికి ఇప్పుడే మొదలుపెట్టండి.

సీహెచ్ఏని మార్చాలా అని అడిగారు. ముందు ఆయనకి ఒక ఈమెయిల్ పెట్టండి. మా బట్టలో స్పాండెక్స్ 6 శాతం ఉంది, వెడల్పు 30 సెంటీమీటర్లు మించి ఉంది, 6004 దాటి 6005 ఎలా వస్తుందో దయచేసి రాతపూర్వకంగా చెప్పండి, అని మర్యాదగా అడగండి. ఫోన్‌లో వద్దు. ఆయన పుస్తకం తెరిచి చూసి, సారీ అమ్మా, 6004యే అని రాస్తే ఆయనతోనే కొనసాగండి. తొందరపాటులో ఎవరైనా ఒక మాట అంటారు, కొత్త మనిషిని వెతికేలోపు కంటైనర్ వచ్చేస్తుంది. జవాబు రాయకుండా ఫోన్ చేసి, అవన్నీ నేను చూసుకుంటాను మీరు సంతకం పెట్టండి అంటే మాత్రం సంతకం పెట్టకండి, ఆ రోజే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ఆయన దగ్గరున్న బిల్ ఆఫ్ లేడింగ్ (షిప్ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), ఇన్వాయిస్ కాగితాలు అదే రోజు వెనక్కి తీసుకోవడం మర్చిపోకండి.